పూడిన కాలువ, గుంతల రోడ్డు, వెలగని దీపం: మున్సిపాలిటీకి అర్జీ పెట్టి పని పూర్తయ్యేదాకా నడిపించడం ఎలా?

ఇంటి ముందు కాలువ పూడిపోయిందనో, రోడ్డు మార్జిన్‌లో కంప చెట్లు పెరిగి మలుపు కనిపించడం లేదనో, పైపు కోసం తవ్విన గుంతను అలాగే వదిలేశారనో అర్జీ పెట్టినవారిలో చాలామంది అడిగేది ఒకటే: "సమస్య పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఇక్కడ మాత్రం ఏ పనీ జరగలేదు, ఇప్పుడేం చేయాలి?" దీనికి జవాబు అర్జీ రాసే రోజునే మొదలవుతుంది. ఏ పని, ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఏ స్థితికి వచ్చేవరకు చేయాలో రాయని అర్జీని ఏదో ఒక జవాబుతో మూసివేయడం చాలా సులభం. కర్నూలు, అనంతపురం, కడప నగరాల్లో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని, మొదటి అడుగునుంచి వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

1. సమస్యను విడదీసి చూడండి

"మా వీధి అధ్వానంగా ఉంది" అన్న మాట నిజమే కావచ్చు, కానీ ఆ మాట మీద ఏ విభాగమూ కదలదు. పూడిక తీయడం పారిశుధ్య విభాగం పని. కాలువ గోడ కూలితే ఇంజినీరింగ్ విభాగం చూడాలి. కాలువ మీద ఎవరైనా గట్టు కట్టుకుంటే టౌన్ ప్లానింగ్ విభాగం రావాలి. మూడింటినీ ఒకే కాగితంలో కలిపితే, ఎవరి వంతు పని వారు చేశామని చెప్పి మిగిలినదాన్ని పక్కవారి మీదకు నెట్టివేస్తారు. అందుకే ఒక్కో పనికి ఒక్కో అర్జీ పెట్టండి.

కంటికి కనిపించే లోపం ఒకటి, దాని వెనుక కారణం మరొకటి అయ్యే సందర్భాలు చాలా ఉన్నాయి.

- ఒకే చోట గుంత మళ్ళీ మళ్ళీ పడుతుంటే, ఎండ కాసే రోజుల్లో కూడా అక్కడ తడి ఉందేమో చూడండి. తడి ఉంటే కింద మంచినీటి పైపు కారుతోందని అనుమానించాలి. లీకు ఆపకుండా పైన తారు వేస్తే అది నిలవదు, కాబట్టి ముందు నీటి సరఫరా విభాగానికి, ఆ తరువాతే రోడ్డు మరమ్మతుకు అర్జీ పెట్టాలి.
- ఒక్క స్తంభం దీపమే వెలగకపోతే దీపం చెడిపోయిందని అనుకోవచ్చు. వీధి మొత్తం వెలగకపోతే స్విచ్ బాక్సులోనో, వీధి దీపాల తీగలోనో లోపం ఉంటుంది. అర్జీలో ఆ తేడా రాస్తే వచ్చే మనిషి సరైన సామానుతో వస్తాడు.
- కాలువ నిండి రోడ్డు మీదకు పొంగుతుంటే, పూడిక మీ ఇంటి ముందే ఉందనుకోకండి. నీరు వెళ్ళే దిశలో నడిచి చూడండి. చాలాసార్లు అడ్డం నాలుగిళ్ళ అవతల కల్వర్టు నోటి దగ్గర, ప్లాస్టిక్ సంచుల ముద్దగా దొరుకుతుంది.
- కేబుల్ కోసమో, పైపు కోసమో రోడ్డు కోసి ఉంటే, ఎవరు కోశారో ఇరుగుపొరుగును అడిగి రాసుకోండి. కోయడానికి అనుమతి తీసుకున్నారా, పూడ్చే బాధ్యత ఎవరిది అన్నది ఆ అనుమతి ఫైలులోనే ఉంటుంది.

ఇంకొక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. మీ ఇంటి ముందు ర్యాంపు కాలువను పూర్తిగా మూసేసి, పార దిగడానికి సందు లేకుండా ఉంటే, అర్జీకి ముందు దాన్ని సరిచేసుకోండి. పరిశీలనకు వచ్చినవారికి మొదట కనిపించేది అదే.

2. ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

ఎక్కువ కాలయాపన జరిగేది ఇక్కడే. ఒకే వీధిలో రోడ్డు ఒకరిది, దీపం మరొకరిది, పక్కనున్న కాలువ ఇంకొకరిది కావచ్చు. పరిధి తప్పిన అర్జీ నెల రోజులు తిరిగి "మా పరిధిలోకి రాదు" అన్న జవాబుతో వెనక్కి వస్తుంది.

ముందుగా ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. పన్ను కట్టేది నగరపాలక సంస్థకా, గ్రామ పంచాయతీకా అన్నది దాని మీదే ఉంటుంది. అనంతపురం చుట్టూ రుద్రంపేట, పాపంపేట వంటి చోట్ల ఇళ్ళు నగరంతో కలిసిపోయి కనిపిస్తాయి, ఎక్కడ నగరం ముగిసి ఎక్కడ పంచాయతీ మొదలైందో నడిచేవారికి తెలియదు. అలాంటి అంచు కాలనీల్లో ఉన్నవారు రసీదు చూడకుండా అర్జీ రాయవద్దు.

తరువాత రోడ్డు సంగతి. కర్నూలు, అనంతపురం పక్కనుంచి వెళ్ళేది 44వ నంబరు జాతీయ రహదారి. కర్నూలునుంచి నంద్యాల మీదుగా కడపకు, అక్కడినుంచి చిత్తూరు వైపు వెళ్ళేది 40వ నంబరు. వీటి మీదా, వీటి సర్వీసు రోడ్ల మీదా గుంతలు, పొదలు, పగిలిన కాలువ పలకలు ఉంటే 1033 నంబరుకు ఫోన్ చేయాలి. కిలోమీటరు రాయి కనిపిస్తే దాని తల రంగు చూడండి: పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. రాష్ట్ర రహదారిని రోడ్లు భవనాల శాఖ చూస్తుంది. బైపాస్ వచ్చాక ఊరి లోపల మిగిలిపోయిన పాత హైవే ముక్క ఎవరి చేతిలో ఉందో మాత్రం రాయి చెప్పదు, అడిగి తెలుసుకోవలసిందే.

మిగిలినవి క్లుప్తంగా:

- వీధి దీపం స్థానిక సంస్థది. వాలిన స్తంభం, వేలాడే కరెంటు తీగ, మూత లేని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె విద్యుత్ పంపిణీ సంస్థవి. మన మూడు నగరాలూ ఏపీఎస్పీడీసీఎల్ పరిధిలోనివే, ఫిర్యాదుకు 1912.
- కేసీ కాలువ గట్టు, కడపలో బుగ్గవంక, అనంతపురంలో నడిమివంక వంటి చోట్ల గట్టు, ప్రవాహ మార్గం విషయమైతే జలవనరుల శాఖకు కూడా ప్రతి పంపండి. వంకలో చెత్త వేయడం, ఒడ్డున మురుగు పొంగడం మాత్రం నగరపాలక సంస్థ చూడవలసినవి.
- కొత్త లేఅవుట్‌లో ఉంటే, రోడ్లను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా అప్పగించారా లేదా అని వార్డు సచివాలయంలో అడగండి. అప్పగించని రోడ్డు మీద అర్జీ ముందుకు కదలదు, ముందు ఆ చిక్కు తీరాలి.

3. ఆధారాలు సేకరించండి

ఒక ఉదయం అరగంట చాలు. రెండు రకాల ఫోటోలు కావాలి: దుకాణం బోర్డో, గుడి గోపురమో, నీళ్ళ ట్యాంకో కనిపించేలా దూరంనుంచి ఒకటి, లోపం స్పష్టంగా తెలిసేలా దగ్గరనుంచి ఒకటి. తేదీ, స్థలం ఫోటో మీదే పడే కెమెరా యాప్ వాడితే మరీ మంచిది. మనుషుల ముఖాలు, ముఖ్యంగా పని చేస్తున్న పారిశుధ్య కార్మికుల ముఖాలు, ఫోటోలో రానివ్వకండి.

ఫోటోకన్నా బలమైనది కొలత. పూడిక కొలవడానికి ఒక పొడవాటి వెదురు కర్ర, ఒక సుద్దముక్క తీసుకోండి. కర్రను కాలువలో నిలువుగా దించి, దాని కొన పూడిక పైభాగానికి తగిలినప్పుడు, కాలువ అంచు మట్టానికి కర్ర మీద ఒక గీత గీయండి. తరువాత కర్రను గట్టిగా కిందికి నొక్కి, అడుగున కాంక్రీటు తగిలి ఠక్కుమన్నప్పుడు మళ్ళీ కాలువ అంచు మట్టానికే రెండో గీత గీయండి. రెండు గీతల మధ్య దూరమే పూడిక మందం. వీధి మొదట్లో, మధ్యలో, చివర మూడు చోట్ల కొలిచి రాసుకోండి. "కాలువ నిండిపోయింది" అని రాయడానికీ, "రెండున్నర అడుగుల లోతు కాలువలో అడుగున్నర పూడిక ఉంది" అని రాయడానికీ ఎంత తేడా ఉందో అర్జీ చదివే ఇంజినీరుకు తెలుసు. కాలువలోకి మాత్రం దిగకండి, మూత తీసిన మ్యాన్‌హోల్ మీదకు వంగకండి.

అర్జీకి కూర్చునే ముందు దగ్గర ఉండవలసినవి:

☐ వార్డు నంబరు, సచివాలయం పేరు
☐ ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు
☐ దగ్గరి కరెంటు స్తంభం మీద రాసి ఉన్న నంబరు
☐ ఎక్కడినుంచి ఎక్కడిదాకా అన్న కొలత, అడుగుల్లో
☐ తేదీతో కూడిన రెండు ఫోటోలు
☐ ఆధార్ నంబరు, మెసేజ్‌లు వచ్చే ఫోన్ నంబరు

4. అర్జీ రాయడం

అర్జీ ఒక పేజీ దాటకూడదు. కోపం ఎంత న్యాయమైనదైనా ఆ పేజీలోకి రానివ్వకండి, ఎందుకంటే నిందకు జవాబు రాయడం పని చేయడంకన్నా సులభం. అందులో నాలుగు విషయాలు ఉండాలి: స్థలం, ప్రస్తుత స్థితి, దానివల్ల కలిగే ప్రమాదం, పని ఎప్పుడు పూర్తయినట్టు లెక్క. నాలుగోది దాదాపు ఎవరూ రాయరు, నేనూ మొదట్లో రాయలేదు.

కొన్నేళ్ళ క్రితం నేనున్న మరో ఊళ్ళో, మా వీధి కాలువ గురించి "శుభ్రం చేయించగలరు" అని మాత్రమే రాశాను. మూడో రోజున నలుగురు కార్మికులు వచ్చి, ఎండలో ఒళ్ళు వంచి, పూడికంతా పారలతో ఎత్తి కాలువ ఒడ్డునే వరుసగా పోశారు. తడి ఆరితే ట్రాక్టరు వచ్చి ఎత్తుకెళుతుందని మేస్త్రి చెప్పారు. ఆ సాయంత్రమే పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, ట్రాక్టరు మాత్రం రాలేదు. ఐదో రోజు రాత్రి కురిసిన వానకు ఆ నల్లటి మట్టిలో సగం తిరిగి కాలువలోకి జారింది, మిగిలిన సగం రోడ్డు మీద పరుచుకుంది. తెల్లవారి పాలకు వెళ్ళిన పక్కింటి పెద్దాయన ఆ బురదలో స్కూటరుతో సహా పడ్డారు, మోచేయి విరిగింది. కార్మికుల కష్టం వృథా అయింది, ఆయనకు రెండు నెలలు మంచం తప్పలేదు. రెండో అర్జీలో "తీసిన పూడికను 48 గంటల్లోపు తరలించాలి" అన్న ఒక్క వాక్యం చేర్చాను. ఈసారి ట్రాక్టరు మరుసటి రోజే వచ్చింది.

ఈ నమూనాను మీ వివరాలతో మార్చుకోండి:

*కమిషనర్ గారికి నమస్కారములు.*
*విషయం: ……వ వార్డు, …… వీధిలో మురుగు కాలువ పూడిక తీయించి, ఆ మట్టిని తరలించవలసిందిగా వినతి.*
*పై వీధిలో …… నంబరు స్తంభంనుంచి …… కల్వర్టు వరకు సుమారు …… అడుగుల పొడవున కాలువ పూడిపోయింది. …… తేదీన మూడు చోట్ల కొలవగా పూడిక వరుసగా ……, ……, …… అంగుళాలు ఉంది. చిన్న వానకే మురుగు రోడ్డు మీదకు వచ్చి, బడికి వెళ్ళే పిల్లలు అందులోనే నడుస్తున్నారు.*
*కాలువ అడుగు కాంక్రీటు కనిపించేవరకు పూడిక తీయించి, తీసిన మట్టిని 48 గంటల్లోపు తరలించి, తొలగించిన పలకలను తిరిగి అమర్చిన తరువాతే ఈ అర్జీని పరిష్కరించినట్టు నమోదు చేయవలసిందిగా కోరుతున్నాము. పరిశీలనకు వచ్చే ముందు ఫోన్ చేస్తే స్థలం వద్ద ఉండి చూపించగలము.*
*జతపరచినవి: ఫోటోలు 2.*

వేరే సమస్యలకు చివరి వాక్యం ఇలా మారుతుంది. కంప చెట్లకైతే "మొదలుతో సహా తీసి, కొట్టిన కంపను రోడ్డు పక్కనుంచి తరలించాలి" అని రాయండి. పైపైన నరికితే కంప మళ్ళీ చిగురిస్తుంది, కొట్టి అక్కడే పడేసిన ముళ్ళు బండ్ల టైర్లలోనూ పశువుల కాళ్ళలోనూ దిగుతాయి. వయ్యారిభామ మొక్కలకైతే "పూత రాకముందే పీకించాలి" అనండి. గుంతకైతే "వదులు మట్టి తీసి, అంచులు చదరంగా కోసి, రోడ్డు మట్టానికి పూడ్చాలి" అనండి. మట్టి పోసి తొక్కి వెళ్ళిన గుంత మొదటి వానకే తిరిగి తెరుచుకుంటుంది.

నిర్వహణ, నిర్మాణం మధ్య తేడా కూడా గుర్తుంచుకోండి. పూడిక, పొదలు, దీపం, చిన్న గుంత రోజువారీ నిర్వహణలోకి వస్తాయి. కొత్త కాలువ, కల్వర్టు, సిమెంటు రోడ్డు కావాలంటే అంచనా, మంజూరు, టెండరు అన్నీ జరగాలి. అలాంటిదాన్ని "వెంటనే వేయించండి" అని అడిగితే "నిధుల లభ్యతను బట్టి చేపడతాము" అన్న రాతపూర్వక జవాబుతో, అంటే ఎండార్స్‌మెంట్‌తో అర్జీ ముగుస్తుంది. దానికి బదులు "అంచనా తయారు చేయించి, దాని నంబరు తెలియజేయండి" అని అడగండి.

5. ఎక్కడ, ఏ వరుసలో ఇవ్వాలి

మొదట వార్డు సచివాలయానికి వెళ్ళండి. రోడ్లు, కాలువలు, నీళ్ళు, దీపాలు చూసేది వసతుల కార్యదర్శి. చెత్త, పూడిక చూసేది పారిశుధ్య కార్యదర్శి. చిన్న పనులు చాలావరకు ఇక్కడే తీరుతాయి. అన్నా అని మర్యాదగా పలకరించి చెబితే మేస్త్రి తన గ్యాంగును ఆ వారమే పంపే సందర్భాలు ఉన్నాయి. అయినా నోటిమాటతో ఆగకండి, నంబరు వచ్చే పద్ధతిలో కూడా నమోదు చేయండి.

నమోదుకు దారులు:

- పురమిత్ర యాప్. మున్సిపల్ సమస్యలకు సూటి మార్గం ఇదే, ఫోటో జతచేయవచ్చు.
- మన మిత్ర వాట్సాప్ సేవ, 95523 00009.
- మీకోసం, రాష్ట్ర ప్రభుత్వ అర్జీల పోర్టల్. అర్జీ స్థితి తెలుసుకోవడానికి 1100.
- ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. మున్సిపల్ కార్యాలయంలో ఇచ్చినది కదలకపోతే కలెక్టరేట్‌లో ఇవ్వండి. పాత అర్జీ నంబరు కొత్త కాగితం మీద తప్పక రాయండి.

ఒకే సమస్యను ఒకే రోజున నాలుగు చోట్ల పెట్టవద్దు. నాలుగూ ఒకే అధికారి దగ్గరకు చేరి, ఒకటి మూయగానే మిగిలినవీ అదే జవాబుతో మూతపడతాయి. పాలకవర్గం ఉన్న కాలంలో కార్పొరేటరుకు ఒక ప్రతి ఇవ్వడం మంచిదే, కానీ అది నమోదైన అర్జీకి ప్రత్యామ్నాయం కాదు.

సమయం కూడా ముఖ్యమే. మన సీమలో గట్టి వానలు తరచుగా సెప్టెంబరు, అక్టోబరులలో పడతాయి. కాలువ పూడిక అర్జీ ఏప్రిల్, మే నెలల్లోనే వేయండి. వాన మొదలయ్యాక ప్రతి వీధినుంచీ అదే అర్జీ వస్తుంది, గ్యాంగులు మాత్రం అన్నే ఉంటాయి.

6. పరిశీలన రోజున

పిలిస్తే వెళ్ళండి, లేదా ఇంటిలో ఒకరిని పంపండి. కొలిచిన మూడు చోట్లూ చూపించి, అర్జీ ప్రతి చేతికి ఇవ్వండి. వచ్చినవారి హోదా, తేదీ, వారు చెప్పిన గడువు రాసుకోండి.

మ్యాన్‌హోల్ మూసుకుపోతే లోపలికి మనిషిని దింపమని ఎంత తొందరలోనైనా అడగకండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది, ఊపిరాడక ప్రాణాలు పోయేది అక్కడే. యంత్రం పంపమని అడగండి, ఒక రోజు ఆలస్యమైనా ఫరవాలేదు.

7. పని కాకుండానే అర్జీ మూసివేస్తే

☐ మెసేజ్ వచ్చిన రోజే అదే చోటినుంచి, అదే కోణంలో మళ్ళీ ఫోటో తీయండి.
☐ ఎండార్స్‌మెంట్ ప్రతి తీసుకొని, అందులో ఏం రాశారో చదవండి.
☐ కొత్త అర్జీ పెట్టకుండా పాతదాన్నే రీఓపెన్ చేయించండి. కొత్తది పెడితే లెక్క మొదటినుంచి మొదలవుతుంది.
☐ అడిగిన పనుల్లో ఏది జరిగింది, ఏది మిగిలింది అన్నది విడివిడిగా రాయండి. జరిగినదాన్ని జరిగిందని ఒప్పుకోవడం వల్ల మిగిలినదానికి బలం వస్తుంది.

"ఫోనులో మాట్లాడి అర్జీదారును సంతృప్తిపరిచాము" అని మూయడం కూడా జరుగుతుంది. ఫోను వచ్చినప్పుడు "సరేనండి" అని పెట్టేయకుండా, "పని పూర్తయ్యాక చెబుతాను, అప్పటిదాకా మూయవద్దు" అని స్పష్టంగా చెప్పండి.

8. అప్పటికీ కదలకపోతే

మొదటి సాధనం సమాచార హక్కు చట్టం, 2005. పది రూపాయల రుసుముతో కార్యాలయ పౌర సమాచార అధికారికి దరఖాస్తు ఇవ్వండి. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారు దాని నకలు జతచేస్తే రుసుము అక్కరలేదు. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, ఆ ప్రశ్న సమాచారం కిందకు రాదని తిప్పి పంపవచ్చు. కాగితాలు అడగండి: నా అర్జీ మీద తీసుకున్న చర్య నివేదిక, ఆ వీధిలో గత ఏడాది పూడిక తీసినట్టున్న రికార్డు, రోడ్డు పనైతే వర్క్ ఆర్డరు, ఎం.బుక్ (చేసిన పని కొలతల పుస్తకం) నకలు, కాంట్రాక్టరు మరమ్మతు బాధ్యత ఏ తేదీవరకు ఉందో ఆ షరతు. రోడ్డు వేసిన ఏడాదికే చెదిరిపోతే ఈ చివరి కాగితం చాలా పనికి వస్తుంది, ఆ గడువులో బాగుచేయవలసింది కాంట్రాక్టరే.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే, వచ్చినది అసంపూర్ణమైతే, తరువాతి 30 రోజుల్లో అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి, ఆపైన 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్ళవచ్చు. దరఖాస్తు వేరే కార్యాలయానికి చెందినదైతే ఐదు రోజుల్లో బదిలీ చేయవలసింది వారే.

రెండోది శాశ్వత లోక్ అదాలత్. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 22ఏ సెక్షన్ పేర్కొన్న ప్రజోపయోగ సేవల్లో పారిశుధ్యం, నీరు, విద్యుత్ ఉన్నాయి. కోర్టు రుసుము లేదు, న్యాయవాది లేకుండానే వెళ్ళవచ్చు. వివరాలకు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

మురుగు వల్ల వీధి మొత్తానికి ఆరోగ్యం చెడుతుంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు కూడా దరఖాస్తు ఇవ్వవచ్చు. బహిరంగ ఇబ్బందిని తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకు ఉంది. పాత చట్టమైన సీఆర్పీసీలో ఇదే 133వ సెక్షన్. దాని కింద వచ్చిన రత్లాం మున్సిపాలిటీ కేసులో, డబ్బు లేదన్న కారణంతో మురుగు కాలువల బాధ్యతనుంచి తప్పించుకోలేరని 1980లో సుప్రీంకోర్టు తేల్చింది. నిధుల మాట చెప్పి మూసిన అర్జీ మీ చేతిలో ఉంటే, ఈ తీర్పును దరఖాస్తులో ప్రస్తావించండి.

9. తరచుగా దొర్లే పొరపాట్లు

*ఇరవై సంతకాలు, ఒక్క ఫోన్ నంబరూ లేదు.* సంతకాలు మంచివే, కానీ బాధ్యుడిగా ఒకరి పేరు, నంబరు ఉండాలి. లేకపోతే పరిశీలనకు వచ్చినవారు ఎవరిని అడగాలో తెలియక తిరిగి వెళతారు.

*"ఎమ్మెల్యే గారి ఇంటి వెనుక" వంటి గుర్తులు.* వీధి, స్తంభం నంబరు, స్పష్టమైన కొండగుర్తు రాయండి.

*చెట్టును మనమే కొట్టేయడం.* దీపానికో తీగకో అడ్డం వచ్చే కొమ్మలను సొంతంగా నరకవద్దు. తీగ తగిలితే ప్రాణాపాయం, చెట్టు కొట్టడానికి అనుమతి కూడా కావాలి. తీగకు తగిలే కొమ్మల విషయం 1912కు చెప్పండి.

*రసీదు లేకుండా కాగితం ఇచ్చి రావడం.* ఇన్‌వార్డులో (కాగితాలు తీసుకునే విభాగంలో) ముద్ర, తేదీ వేయించుకున్న నకలు మీ దగ్గర లేకపోతే, ఆ అర్జీ ఇచ్చినట్టు రుజువు లేదు.

10. పని పూర్తయ్యాక

స్థలానికి వెళ్ళి, అర్జీలో రాసిన చివరి వాక్యంతో ఒక్కో అంశాన్నీ సరిపోల్చండి. పలకల మధ్య పిల్లల కాలు ఇరుక్కునే సందు మిగిలిందేమో ప్రత్యేకంగా చూడండి. అన్నీ సరిగా ఉంటే పరిష్కారమైందని మీరే ఒప్పుకొని, పని చేసినవారికి ఫోన్ చేసి చెప్పండి.

అర్జీ, రసీదు, ముందు, తరువాత ఫోటోలు ఒక ఫైలులో పెట్టి, మీరు ఊరు వెళ్ళినా దొరికేలా వీధిలో మరొకరికి నకలు ఇవ్వండి. వచ్చే ఏప్రిల్ మొదటి వారంలో అదే కర్రతో, అదే మూడు చోట్ల మళ్ళీ కొలవండి. పూడిక అర అడుగు దాటి ఉంటే, పాత అర్జీ నంబరుతో కొత్తది అప్పుడే వేయండి.